గోదావరి గట్టు మీద సాయంత్రాలు మాకివ్వండి: రాజమండ్రి అధికారులకి ఒక బహిరంగ లేఖ

రాజమహేంద్రవరం నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, తూర్పుగోదావరి జిల్లా కలెక్టర్ గారికి, ఎస్పీ గారికి, ట్రాఫిక్ పోలీసు అధికారులకి, గట్టు బాధ్యత చూసే జలవనరుల శాఖ వాళ్లకి నమస్కారమండి.

నేను ఇన్నీసుపేటలో ఉంటాను. పుట్టింది ఇక్కడే, పెళ్లయ్యేక పదేళ్లు హైదరాబాద్‌లో ఉండి నాన్నగారి కోసం మళ్లీ ఇక్కడికే వచ్చేసేను. మెయిన్ రోడ్డులో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను అడగబోయేదానికి మొదట అడ్డం చెప్పేది షాపులవాళ్లే, వాళ్ల గల్లాపెట్టె సంగతి తెలీకుండా ఇంట్లో కూచుని రాస్తున్నానని మీరు అనుకోకూడదు.

అడిగేది ఒక్కటేనండి. గోదావరి గట్టు రోడ్డు మీద, పుష్కరాల రేవు నుంచి గౌతమి ఘాట్ వైపు ఎంతవరకు వీలైతే అంతవరకు, రోజూ సాయంత్రం 5 నుంచి 9:30 వరకు బళ్లు ఆపేయండి. ఆదివారం ఒక్కటే కాదు, రోజూ. నడిచేవాళ్లకి, పిల్లలకి, ముసలివాళ్లకి, రేవులోకి దిగి దీపం పెట్టుకునేవాళ్లకి ఆ నాలుగున్నర గంటలు వదిలేయండి.

మా నాన్నగారికి 76 ఏళ్లు. పేపరు మిల్లులో పనిచేసి రిటైరయ్యేరు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచి ఆయనకి సాయంత్రం అంటే గట్టే. డ్యూటీ దిగి, స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని నన్ను సైకిల్ ముందు కూచోబెట్టుకుని గట్టుకి తీసుకెళ్లేవారు, అక్కడ ఒక పొట్లం పిడత కింద పప్పు కొనిచ్చి నీళ్లకేసి చూస్తూ కూచునేవారు, పెద్దగా ఏం మాట్లాడేవారు కాదు, బ్రిడ్జి మీద రైలుబండి వెళ్తే మటుకు అది ఏ బండో చెప్పేవారు. పోయిన కార్తీకంలో అలాగే తీసుకెళ్తే రోడ్డు దాటుతుంటే ఒక బైకు హ్యాండిలు ఆయన చేతికి తగిలింది. పడిపోయేరు, మణికట్టు విరిగింది. ఆ బైకు మీదున్న కుర్రాడికి పద్దెనిమిదేళ్లుంటాయేమో, బండి పక్కన పడేసి ఏడుస్తూ మాతోపాటు ఆటోలో ఆసుపత్రికి వచ్చేడు, రాత్రి పదింటి దాకా అక్కడే కూచున్నాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదండి. ఆ రోడ్డు అలా ఉంది. ఒక పక్కంతా నది కాబట్టి అటునుంచి సందులూ గొందులూ కలవవు, ఊళ్లో మెయిన్ రోడ్డు మీద గంట సేపు పాకి పాకి వచ్చినవాడికి గట్టు ఎక్కగానే చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ తిప్పేస్తుంది. అదే రోడ్డుని ఒక పసిపిల్ల, ఒక ముసలాయన, చేతిలో అరటిదొప్ప దీపం పట్టుకున్న ఒక ఆడమనిషి దాటాలి. ఎవరో ఒకరికి తగలకుండా ఎలా ఉంటుంది.

అప్పట్నుంచి నాన్న గట్టుకి రావట్లేదు. వరండాలో కూచుని ఆర్చి బ్రిడ్జి మీద బండి చప్పుడు వినపడితే పేరు చెప్తారు, అంతే.

అసలు విషయానికొస్తాను. ఈ ఊళ్లో గట్టు రోడ్డుని మూసెయ్యడం కొత్తేం కాదు కదండి. పన్నెండేళ్లకోసారి పుష్కరాలొస్తే పన్నెండు రోజులు మూస్తారు. వరదొచ్చి ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, మూడో ప్రమాద హెచ్చరిక అంటే ఇటు బళ్లు రానివ్వరు. వినాయకుడి నిమజ్జనానికి మళ్లిస్తారు, కార్తీక పౌర్ణమికి మళ్లిస్తారు. ఇన్నిసార్లు మూసినా ఊరు ఏమైనా ఆగిపోయిందా? ఆ రోజుల్లో కూడా పాలవాడు వచ్చేడు, స్కూళ్లు నడిచేయి, పేషెంట్లు ఆసుపత్రికి చేరేరు. బారికేడ్లు ఎక్కడ పెట్టాలో, ఆటోలు ఎక్కడ ఆపాలో, కొవ్వూరు వైపు నుంచి వచ్చేవాళ్లని ఎటు పంపాలో మీ ట్రాఫిక్ కానిస్టేబుళ్లకి నోటికొచ్చు. బయట ఊళ్ల నుంచి వచ్చే భక్తుల కోసం మనం చెయ్యగలిగింది, ఏడాదంతా ఇక్కడే బతికే మనవాళ్ల కోసం రోజుకి నాలుగున్నర గంటలు చెయ్యలేమా అన్నదే నా ప్రశ్న.

ఇంకోటి కూడా చెప్పాలండి. గట్టు అంటే మొదట్నుంచీ రోడ్డు కాదు, ఊరిని కాపాడే కట్ట. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం మీద నుంచి 35 లక్షల క్యూసెక్కుల నీళ్లు పోయినప్పుడు నాన్నా వాళ్లూ రాత్రంతా ఇసక బస్తాలు మోసేరట. ఎవరిది ఏ పేట, ఎవరిది ఏ కులం అని లేకుండా అందరూ గట్టు మీదే ఉన్నారట, నీళ్లు కాళ్ల కింద ఊగుతున్నట్టుండేదట. ఆ కథ నేను వందసార్లు విన్నాను. వాళ్లంతా ఆ రాత్రి కాపాడుకున్న చోట ఇవాళ వాళ్లకి నిలబడ్డానికి చోటు లేదు.

ఒకరోజు సాయంత్రం నేనూ మా అబ్బాయీ ఒక రూళ్ల నోటుబుక్కు పట్టుకుని గట్టు మీద బెంచీ ఎక్కి కూచున్నాం. వెళ్లే బళ్లు ఎన్ని, అందులో గట్టు దగ్గర ఆగినవి ఎన్ని అని గీతలు పెట్టేం. ఆగనివాటి గీతలతో పేజీలకి పేజీలు నిండిపోయేయి, ఆగినవాటికి ఒక పేజీ కూడా పూర్తవలేదు. మాది సర్వే అని నేననను, ఒక తల్లీ కొడుకూ ఒక పూట లెక్కపెట్టింది అంతే. కానీ చూసినవాళ్లకి ఎవరికైనా అర్థమయ్యేది ఏంటంటే ఆ బళ్లలో చాలావాటికి గట్టుతో పని లేదు, గోదావరితో అసలే లేదు, మెయిన్ రోడ్డు తప్పించుకోడానికి ఇటు దూరుతున్నాయి. ఆ లెక్క మీరు పద్ధతిగా చేయించండి. ఒక వారం రోజులు, రెండు చివర్లా మనుషుల్ని పెట్టి, ఏ గంటలో ఎన్ని బళ్లు, ఇందులో దాటిపోయేవెన్ని, గట్టు మీదే ఇల్లో గుడో ఉన్నవెన్ని అని. లెక్క లేకుండా మూస్తే రేపు ఎవరో ఒకరు కోర్టుకెళ్తారు.

ఇది ఊరికే అనట్లేదు, పారిస్‌లో అదే అయింది. అక్కడ సేన్ నది ఒడ్డున, నీళ్ల పక్కనే, 1967లో కార్ల కోసం పెద్ద ఎక్స్‌ప్రెస్ రోడ్డు వేసేరు. 2002 నుంచి ఎండాకాలంలో మాత్రం కొన్ని వారాలు మూసి, ఇసక పోసి, కుర్చీలేసి జనాన్ని కూచోమనడం మొదలెట్టేరు. జనం అలవాటుపడ్డారు. తర్వాత 2013లో ఎడమ ఒడ్డు, 2016లో కుడి ఒడ్డున 3.3 కిలోమీటర్లు పూర్తిగా నడిచేవాళ్లకి ఇచ్చేసేరు, ఆ కుడి ఒడ్డు రోడ్డు మీద రోజుకి 43 వేల బళ్లు తిరిగేవట. గొడవలైనాయి, పక్క రోడ్ల మీద రద్దీ పెరిగిందన్నారు, సౌండు పెరిగిందన్నారు, కొంత నిజం కూడాను. 2018 ఫిబ్రవరిలో కోర్టు ఆ ఆర్డరు కొట్టేసింది. రోడ్డు మూస్తే పక్కన ఏమవుతుందో తేల్చడానికి చేయించిన రిపోర్టులో తప్పులున్నాయి అన్నది కారణం. మేయర్ వెంటనే నెల తిరక్కుండా, ఆ ఒడ్డు వారసత్వ సంపద, దాన్ని కాపాడుకోవాలి అనే కారణంతో ఇంకో ఆర్డరు ఇస్తే అది అదే ఏడాది కోర్టులో నిలబడింది. ఇప్పుడు అక్కడ జనం నడుస్తున్నారు, పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. అందుకే చెప్తున్నా, ముందు కొన్నాళ్లు చేసి చూపించండి, లెక్క పక్కాగా రాసుకోండి.

పారిస్ ఎక్కడ రాజమండ్రి ఎక్కడ అంటారేమో. సరే, యానాం దగ్గరే కదండి, ఆ యానాం ఏ ప్రభుత్వం కింద ఉందో ఆ పుదుచ్చేరిలో సముద్రం పక్కన గూబెర్ అవెన్యూ అని పెద్ద రోడ్డు ఉంది. రోజూ సాయంత్రం 6 నుంచి మర్నాడు పొద్దున 7:30 వరకు దాని మీదకి బండి రానివ్వరు. ఏళ్ల తరబడి నడుస్తోంది. అక్కడా షాపులున్నాయి, హోటళ్లున్నాయి, సెక్రటేరియట్ కూడా ఆ రోడ్డు మీదే ఉంది. విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డు మీద తెల్లారుజామున నడిచేవాళ్ల కోసం బళ్లు ఆపుతారు, మన రాష్ట్రమే, మన చట్టమే. హైదరాబాద్‌లో 2021 ఆగస్టు చివర్లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బళ్లు ఆపడం మొదలెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మా అబ్బాయి రోడ్డు మధ్యలో పరిగెత్తిన మొదటి రోజు అదే, వాడు నా చెయ్యి వదిలించుకుని పరిగెడితే నాకు భయం వెయ్యలేదు, ఆ సంగతి ఇంటికొచ్చేక గానీ తట్టలేదు. కానీ ఒక్కటి గమనించేను. వారానికి ఒక్క పూట అయ్యేసరికి ఊరంతా ఆ పూటే వచ్చి పడేది. తీర్థం లాగా అయిపోయేది, చంకలో పిల్లాడితో అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టం. అందుకే మనకి ఆదివారం వద్దు, రోజూ కావాలి అంటున్నాను. రోజూ ఉంటే ఇవాళ కాకపోతే రేపు వెళ్దాంలే అనుకుంటారు, జనం పల్చగా ఉంటారు, గాలికి కూచోడానికి వీలుంటుంది.

చట్టం సంగతి కూడా చూసేనండి. 1988 మోటారు వాహనాల చట్టంలో 115వ సెక్షన్ కింద, జనం భద్రత కోసం ఒక చోటకి బళ్లు రాకుండా ఆపే అధికారం ప్రభుత్వానికీ, ప్రభుత్వం అధికారం ఇచ్చినవాళ్లకీ ఉంది. ఆ ఆంక్ష నెల దాటకపోతే గెజిట్‌లో కూడా వెయ్యక్కర్లేదు, ఊళ్లో తెలిసేలా ప్రచారం చేస్తే చాలు. నెల అంటే మనకి కార్తీకమాసం కంటే మంచి నెల ఏముంది చెప్పండి? ఎలాగూ ఆ నెలంతా తెల్లారుజాము నుంచే ఆడవాళ్లు తలారా మునిగి తడిబట్టలతో రోడ్డు దాటుతుంటారు, సాయంత్రం దీపాలకి మళ్లీ వస్తారు. ఆ నెల మటుకు సాయంత్రంతో పాటు పొద్దున 4 నుంచి 7 కూడా ఆపండి. ఒక్క కార్తీకం చూడండి. పనికిరాదు అనిపిస్తే మార్గశిరంలో తీసెయ్యండి, నేను మళ్లీ లేఖ రాయను.

ఇప్పుడు కష్టాల మాట. మెయిన్ రోడ్డు మీద బరువు పడుతుంది, కాదనను. ఇప్పటికే కోటగుమ్మం దగ్గర సాయంత్రం ఆరింటికి ఎలా ఉంటుందో రోజూ చూస్తున్నదాన్ని. కాకపోతే అక్కడ రోడ్డు సగం మింగేస్తున్నది కదిలే బళ్లు కాదు, నిలిపిన బళ్లు. మా షాపు ముందు పెట్టే బళ్లలో కొన్నవాళ్లవి కొన్నే, మిగతావి షాపుల్లో పనిచేసే మావే, పొద్దున పెడితే రాత్రి దాకా కదలవు. వాటికి వేరే స్థలం చూపించండి, మేమే అక్కడ పెట్టి నడిచొస్తాం. ఆ గంటల్లో సరుకు లారీలు దింపనివ్వకండి, మా షాపుకి బేళ్లు వచ్చేది కూడా సరిగ్గా సాయంత్రమే, పొద్దున పెందలాడే దింపుకోమంటే దింపుకుంటారు. ఊరు దాటిపోయే పెద్ద బళ్లకి 2015 నుంచి గామన్ బ్రిడ్జి ఉంది, అవి ఊళ్లోకి రావాల్సిన పనే లేదు. కొన్ని వీధులు వన్‌వే చేస్తే ఎలా ఉంటుందో మీ వాళ్లకే బాగా తెలుసు.

గట్టు పక్క ఇళ్లలో ఉండేవాళ్లకి పాస్ ఇవ్వండి, మెల్లగా వెళ్లాలనే షరతు మీద. అంబులెన్సుకి, ఫైరింజనుకి అడ్డు లేకుండా రోడ్డు మధ్యలో ఒక బండి పట్టే దారి ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి, అక్కడ తోపుడు బండి కూడా పెట్టనివ్వకూడదు. ఈ విషయంలో గట్టిగా ఉండండి, మొదటి వారంలో వదిలేస్తే ఇక మన చేతిలో ఉండదు. నడవలేనివాళ్ల కోసం రెండు మూడు బ్యాటరీ బళ్లు, ఆ చివర నుంచి ఈ చివరకి, మనిషి నడక కంటే కొంచెం స్పీడుగా అంతే. మా నాన్నలాంటివాళ్లు బారికేడ్ దగ్గర ఆటో దిగి రేవు దాకా నడవలేరు కదా. మొత్తం ఏర్పాటులో నేను మొట్టమొదట అడిగేది ఇదే. ముసలివాళ్ల పేరు చెప్పి రోడ్డు మూసి, ఆ ముసలివాళ్లే రాలేకపోతే ఎందుకది.

ఆటో అన్నలు భయపడతారు, నిజమే, గట్టు ట్రిప్పులు పోతాయేమో అని. రెండు చివర్లా వాళ్లకి స్టాండు ఇవ్వండి, బళ్లు ఇంటి దగ్గర పెట్టి వచ్చేవాళ్లు పెరిగితే బేరాలు పెరుగుతాయని నా నమ్మకం.

తోపుడు బళ్లవాళ్ల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి. గట్టు మీద మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె, బజ్జీల బండి ఆయన, బుడగలమ్మే పిల్లలు, వీళ్లు లేని గట్టు గట్టు కాదు. ఇలాంటి చోట బ్యూటిఫికేషన్ అనగానే మొదట వాళ్లని తోలేస్తారు, తర్వాత అద్దాల స్టాళ్లు వేసి వేలం పాడతారు, బజ్జీ ధర మూడింతలవుతుంది. దయచేసి అలా చెయ్యకండి. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో వాళ్ల మనుషులూ ఉండాలి. ఆ కమిటీలో కూచోబెట్టి, ఇప్పుడు గట్టు మీద ఉన్నవాళ్లకే ముందు చోటు రాసివ్వండి. టిక్కెట్ వద్దు, ఎగ్జిబిషన్ వద్దు, మైకుల్లో పాటలు అసలే వద్దు. గోదావరి చప్పుడు వినడానికి వస్తారండి జనం. ఆ చప్పుడు ఎన్నాళ్లయింది విని, హారన్లే కదా.

షాపుల మాట ముందే ఎత్తేను కాబట్టి చెప్తాను. బండి మీద వెళ్లేవాడు ఆగడు, నడిచేవాడు ఆగుతాడు. గట్టు మీద గంట తిరిగి వెనక్కి వచ్చేటప్పుడు కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్ తాగి, అలా మెయిన్ రోడ్డులోకి వచ్చి పిల్లకి ఒక గౌను చూసేవాళ్లని నేను రోజూ చూస్తాను. మా ఓనర్ గారితో ఈ మాటే అంటే కాసేపు ఆలోచించి, నెలే అంటున్నావు కదా చూద్దాంలే అన్నారు. ఆయన నోటి నుంచి అంత వచ్చిందంటే నాకు చాలా ధైర్యమొచ్చింది.

గట్టు దగ్గరే దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ ఉంది, రాళ్లబండి సుబ్బారావు గారి పేరున మ్యూజియం ఉంది. రామారావు గారు 1925లో, ముప్పై ఏళ్లు కూడా నిండకుండానే పోయేరు, ఆ కాస్త వయసులో ఆయన వేసిన బొమ్మలు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా అబ్బాయి క్లాసులో పిల్లల్ని అడిగితే సగం మందికి అక్కడ గ్యాలరీ ఉందనే తెలీదు. బండి మీద దూసుకుపోయేవాడికి ఏం కనపడుతుంది. సాయంత్రం బళ్లు ఆగే వేళకి ఆ రెండూ కూడా రాత్రి ఎనిమిదింటి దాకా తెరిచి ఉంచితే ఎంత బావుంటుందో ఆలోచించండి.

హేవ్‌లాక్ బ్రిడ్జి సంగతీ అంతే. 1900లో మొదలై 1997 దాకా రైళ్లు మోసిన బ్రిడ్జి. ఇప్పుడు అఖండ గోదావరి ప్రాజెక్టు కింద 94 కోట్ల చిల్లరతో దాన్నీ, పుష్కరాల రేవునీ బాగుచేస్తామంటున్నారు, 2025 జూన్‌లో శంకుస్థాపన కూడా అయింది. సంతోషం. మరి ఆ బ్రిడ్జి మీద నడవడానికి వచ్చినవాళ్లు, రేవులో కూచోడానికి వచ్చినవాళ్లు మధ్యలో ఈ రోడ్డు ఎలా దాటుతారు? అంత డబ్బు పెట్టి రెండు మంచి చోట్లు కట్టి వాటి మధ్య బళ్లు పరిగెత్తిస్తే ఆ డబ్బంతా గోదాట్లో పోసినట్టే. రోడ్డు మూయడానికి కోట్లు అక్కర్లేదు. బారికేడ్లు, కొన్ని లైట్లు, ఆడవాళ్లు భయం లేకుండా వెళ్లేలా మరుగుదొడ్లు, నలుగురు కానిస్టేబుళ్లు, మీ సంతకం.

2027 పుష్కరాలు దగ్గరికొచ్చేస్తున్నాయి. 2015 జులై 14న మన రేవులో ఏం జరిగిందో మళ్లీ రాయడానికి నా చెయ్యి రావట్లేదు, పుష్కరాల తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు పోయేయి, స్నానానికి వచ్చిన అమ్మలు, తాతలు. ఆ తప్పు ఎవరిదని తేల్చడానికి నేను రాయట్లేదు. కానీ మనుషులు ఎటు నుంచి వస్తారు, ఎక్కడ పోగవుతారు, ఎక్కడ గొంతు ఇరుకవుతుంది అన్నది పుష్కరాలకి ముందు వారం రిహార్సల్‌లో తెలిసేది కాదండి. ఏడాది పాటు రోజూ సాయంత్రం ఆ రోడ్డు మీద నడిచేవాళ్లని చూసే కానిస్టేబుల్‌కి తెలుస్తుంది. ఏ మెట్టు దగ్గర జారుతుందో, ఏ మలుపులో జనం ఆగిపోతారో అతనికి కంటికి అలవాటవుతుంది. అందుకైనా ఇప్పట్నుంచే మొదలెట్టండి.

నా వంతుగా, మీరు లెక్క మొదలెట్టిన వారం నేనూ మా పేట ఆడవాళ్లం ఆరుగురం సాయంత్రాలు వచ్చి రెండు చివర్లా నిలబడతాం, జీతం భత్యం ఏం వద్దు. ఆ రూళ్ల నోటుబుక్కు కూడా మీకే ఇచ్చేస్తాను.

ఈ లేఖ రాసేక నాన్నకి చదివి వినిపించేను. 1986 దగ్గర ఆపి, బస్తాలు రాత్రి కాదు, మర్నాడు మధ్యాన్నం దాకా మోసేం అని సరిదిద్దేరు. తర్వాత చాలాసేపు ఏం అనలేదు. పడుకోబోయే ముందు, అయితే ఎప్పట్నుంచి ఆపుతారంట అని అడిగేరు.

తేదీ చెప్పండి, ఆయనకి చెప్తాను.

ఇట్లు,
ఇన్నీసుపేట నుంచి ఒక కూతురు